దీంట్లో గేములు ఆడతాయా?



మాది వెంకటగిరికోట. అంత పొడుగు పేరు మా పక్క ఎవరూ పలకరు, వీకోట అంటేనే అందరికీ తెలుస్తుంది. ఇటు కొంచెం పోతే కర్ణాటక, అటు ఘాట్ రోడ్డు దిగితే తమిళనాడు. ఆ ఊర్లో కంప్యూటర్లు బాగుచేసే చిన్న అంగడి నాది. పాత కంప్యూటరు ఎవరైనా తెస్తే దుమ్ము దులిపి, ర్యామ్ మార్చి, వాళ్ళు సరేనంటే విండోస్‌కు బదులు లినక్స్ వేసి ఇస్తుంటాను. అప్పుడు తండ్రి అడిగేది ఒకటే, బిల్లు ఎంతయిందని. ఆయన వెనకాల నిలబడిన కొడుకు అడిగేది కూడా ఒకటే.

"దీంట్లో గేములు ఆడతాయా అన్నా?"

పదేళ్ళకు పైగా ఆ ప్రశ్నకు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ పిల్లవాడి ముఖం వాడిపోవడం చూసి, "సరేలేరా, నీకు విండోసే వేసిస్తా" అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఈరోజు ఆ ప్రశ్న గురించే మీతో మాట్లాడాలని వచ్చాను.

2008లో మా పోస్ట్‌మ్యాన్ నాకు ఒక కవరు తెచ్చిచ్చాడు. దాని మీద విదేశీ ముద్రలు, లోపల అట్ట తొడుగులో ఒక సీడీ. ఉబుంటు 8.04 అనే లినక్స్ అది. నెట్ సెంటర్లో కూర్చుని అడ్రసు టైపు చేసి కొన్ని వారాలయింది, వస్తుందనే ఆశ అప్పటికే వదిలేశాను. పైసా తీసుకోకుండా, అడిగినవాళ్ళకు అడిగినట్టు, ప్రపంచంలో ఏ మూలకైనా ఆ సీడీలు పంపే ఏర్పాటు 2005 నుంచి 2011 దాకా నడిచింది. అది వీకోటకు కూడా వచ్చింది.

ఆ సీడీ కన్నా దాంతో వచ్చిన మాట నన్ను ఎక్కువ కదిలించింది. దీన్ని ఎంతమందికైనా కాపీ చేసి ఇవ్వవచ్చు, అది తప్పు కాదు, ఇవ్వమనే మేము కోరేది అని. అప్పటిదాకా మా ప్రాంతంలో నాకు తెలిసిన ప్రతి కంప్యూటర్లోనూ ఉన్నది దొంగ కాపీయే. వేసేది నేనే. చేస్తున్న పని తప్పని తెలుసు, వేరే దారి తెలియదు. ఆ కాపీ సరుకుతో పాటు వైరస్సులు వచ్చేవి, పెన్‌డ్రైవుల్లో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకేవి. ఒక పిల్లవాడి ఆటల సీడీ వల్ల వాళ్ళ నాన్న దాచుకున్న పట్టు వ్యాపారం లెక్కలన్నీ పోతే, ఆయన నా అంగట్లో కూర్చుని ఏమీ మాట్లాడలేకపోయాడు. ఆ రోజు నాకు ఇంకా గుర్తుంది.

ఇంగ్లీషులో ఫ్రీ అనే మాటకు ఉచితమనీ స్వేచ్ఛ అనీ రెండు అర్థాలు ఉండడం వల్ల వాళ్ళకు ఎప్పుడూ తికమకే. మనకు ఆ బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పని మొదలుపెట్టింది స్వేచ్ఛ కోసమే. ప్రోగ్రామును మనకు నచ్చిన పనికి వాడుకోవాలి, లోపల ఏముందో చూడాలి, మార్చుకోవాలి, పక్కవాడికి ఇవ్వాలి. ఆయన పట్టు అది. 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి రాసిన లినక్స్ దానికి తోడయింది. 2005లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన ఉద్యమం తన పేరే స్వేచ్ఛ అని పెట్టుకుని, లినక్స్ డెస్క్‌టాపును తెలుగులోకి తెచ్చింది. తెర మీద ఫైల్ అని ఉండే చోట "దస్త్రం" అని కనిపించిన రోజు మాయమ్మను పిలిచి చూపించాను. ఆమె పెద్దగా చదువుకోలేదు. కూడబలుక్కుని చదివింది. "దస్త్రమంటే కరణం దగ్గరుండేది గదరా" అనింది.

నేను లినక్స్‌కు మారింది ఆ నమ్మకంతోనే. పిల్లలు మాత్రం మారలేదు. వాళ్ళదేమీ తప్పు కాదు. డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా, రోడ్ ర్యాష్, తర్వాత వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్. మా పక్క ఒక తరానికి కంప్యూటరు పరిచయమయిందే వీటితో. మౌస్ పట్టుకోవడం, బొమ్మను రెండుసార్లు నొక్కడం, ఫోల్డరు వెతకడం, అన్నీ ఆటల కోసమే నేర్చుకున్నారు. వాళ్ళకు స్వేచ్ఛ ఇస్తాను, ఆట మాత్రం ఇవ్వను అంటే, పండక్కి కొత్త గుడ్డలు కొనిచ్చి ఇల్లు దాటొద్దని చెప్పినట్టే.

అందుకని ఒకే కంప్యూటర్లో రెండూ వేసేవాణ్ణి. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలన్నమాట. బటన్ నొక్కగానే ఏది కావాలో అడుగుతుంది. నెల తిరిగేసరికి పిల్లవాడు మళ్ళీ వచ్చేవాడు: "అన్నా, ఆ రెండోది తీసేయి, గేములకు జాగా చాల్లేదు." సరిహద్దు అవతల కూడా ఇదే కథ. తమిళనాడు ప్రభుత్వం 2011 సెప్టెంబరులో విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాపులు ఇవ్వడం మొదలుపెట్టింది. వాటిలో విండోస్‌తో పాటు బాస్ లినక్స్ కూడా ఉండేది. అది మన దేశంలోనే సీ-డాక్ సంస్థ తయారుచేసిన లినక్స్. కృష్ణగిరి జిల్లా నుంచి, వేపనపల్లి వైపు నుంచి తెలుగు మాట్లాడే పిల్లలు ఆ ల్యాప్‌టాపులు మరమ్మతుకు తెచ్చేవాళ్ళు. ఆన్ చేసి చూస్తే ఆటలన్నీ ఒక పక్కే. లినక్స్ పక్క మాత్రం ఇచ్చినప్పటి అట్టపెట్టెలా విప్పకుండానే ఉండేది.

మరి ఇప్పుడు ఏం మారింది? దీన్ని కొంచెం నిదానంగా చెబుతాను.

మా వీకోట కూరగాయల మార్కెట్టుకు తెల్లవారుజామున వచ్చి చూడండి. టమేటా బాక్సులతో నిలబడిన రైతు తెలుగువాడు. కొనడానికి వచ్చినాయన మదరాసు వైపు నుంచి, అరవం తప్ప రాదు. ఇంకొకాయన కోలారు నుంచి, కన్నడం. మధ్యలో మండీ గుమాస్తా ఉంటాడు. తెలుగులో వింటాడు, అరవంలో చెబుతాడు, కన్నడంలో జవాబు తీసుకుని మళ్ళీ తెలుగులో అప్పజెబుతాడు. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. గమనించండి, టమేటా మారలేదు. రైతు తెచ్చిన కాయే లారీ ఎక్కింది. మారింది మాట ఒక్కటే.

వైన్ అనే ప్రోగ్రాము చేసే పని అచ్చం ఇదే. విండోస్ కోసం రాసిన ఆట, "ఈ ఫైలు తెరువు, ఈ శబ్దం వినిపించు, మౌస్ ఎక్కడుందో చెప్పు" అని విండోస్ భాషలో అడుగుతుంది. వైన్ ఆ మాటను పట్టుకుని లినక్స్‌కు దాని భాషలో చెప్పి, జవాబును మళ్ళీ ఆటకు ఆట భాషలో అందిస్తుంది. ఆట లోపలి లెక్కలన్నీ నేరుగా ప్రాసెసరు మీదే నడుస్తాయి. ఇంకో కంప్యూటరును లోపల అనుకరించి, దాని మీద ఆట నడపడం కాదిది. అందుకే వేగం పెద్దగా పోదు.

ఈ పని మొదలైంది 1993లో. అలెగ్జాండర్ జులియార్ 1994 నుంచి దాన్ని ముందుండి నడిపిస్తున్నాడు. వెర్షన్ 1.0 అని ధైర్యంగా బయటపెట్టింది 2008 జూన్‌లో. పదిహేనేళ్ళు పట్టింది! నాకు ఉబుంటు సీడీ వచ్చిన ఏడాదే అది. ఆశగా ఒక ఆటను అందులో వేశాను. శబ్దం వినిపించింది, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. వెనకాల తుపాకుల మోత, ముందు చీకటి. దాన్ని సరిచేయడానికి మూడు రాత్రులు కూర్చున్నాను, కాలేదు.

ఆ చీకటికి కారణం బొమ్మలు గీసే భాష. విండోస్ ఆటలు చాలావరకు డైరెక్ట్ త్రీడీ అనే భాషలో బొమ్మలు గీయమని గ్రాఫిక్స్ చిప్‌ను అడుగుతాయి. దాన్ని వేరే భాషలోకి మార్చడం అప్పట్లో చాలా కష్టం. 2016లో వల్కన్ అనే కొత్త భాష వచ్చింది. అది ఏ ఒక్క కంపెనీదీ కాదు, ఎవరైనా వాడుకోవచ్చు. తర్వాత ఫిలిప్ రెబోలే అనే జర్మనీ కుర్రవాడు, తనకిష్టమైన నియర్ ఆటోమాటా అనే ఆటను లినక్స్‌లో ఆడుకోవాలని, డైరెక్ట్ త్రీడీని వల్కన్‌లోకి తర్జుమా చేసే డీఎక్స్‌వీకే అనే పనిముట్టు రాయడం మొదలుపెట్టాడు. ఒక్కడు, ఒక ఆట కోసం. ఈ మాట చెబుతుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. నేను మూడు రాత్రులకే వదిలేసిన పనిని అతను వదల్లేదు.

ఇక్కడ ఒక వ్యాపారం కథ కూడా ఉంది. స్టీమ్ అని కంప్యూటరు ఆటలు అమ్మే పెద్ద ఇంటర్నెట్ దుకాణం, వాల్వ్ అనే కంపెనీది. 2012లో విండోస్ 8తో పాటు మైక్రోసాఫ్ట్ సొంత దుకాణం కూడా రాబోతుందని తెలిసి, వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్ అది పీసీ రంగానికే పెద్ద ముప్పని బహిరంగంగా అన్నాడు. ఇంకొకరి స్థలంలో అంగడి పెట్టుకున్నవాడి భయం అది, నాకు బాగా అర్థమవుతుంది. 2013 ఫిబ్రవరిలో స్టీమ్ లినక్స్‌కు వచ్చింది. 2015లో స్టీమ్ మెషిన్లు అని లినక్స్‌తో నడిచే పెట్టెలు తెస్తే ఎవరూ పెద్దగా కొనలేదు. లినక్స్ కోసం ఆటలు రాయమని అందర్నీ బతిమాలితే జరిగే పని కాదని తేలిపోయింది. అప్పుడు వైన్‌నూ డీఎక్స్‌వీకేనూ కలిపి, కోడ్‌వీవర్స్ అనే సంస్థతో కలిసి, 2018 ఆగస్టులో ప్రోటాన్ తెచ్చారు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి కంప్యూటరు నడిచేది లినక్స్ మీదే. దాన్ని కొన్నవాళ్ళలో చాలామందికి ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా. వాల్వ్ చేసింది దానధర్మం కాదు. కానీ ఆ పని ఫలితం తాళం వేసి దాచలేదు. ప్రోటాన్ మూలాలు, అంటే సోర్స్ కోడ్, ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు, వీకోటలో నేనూ వాడుకోవచ్చు.

ఇప్పుడు మా అంగట్లో సంగతి చెబుతాను. బెంగళూరు ఎస్పీ రోడ్డులో కంపెనీలు వాడి వదిలేసిన కంప్యూటర్లు దొరుకుతాయి. మా పక్క చదువుకునే పిల్లలకు అందేవి ఎక్కువగా అవే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు భద్రతా మార్పులు ఆగిపోయాయి. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసరైనా ఉండాలి. ఎస్పీ రోడ్డు నుంచి వచ్చేవి చాలావరకు నాలుగో తరం, ఆరో తరం. ఆ లెక్కన అవి చెత్త. లినక్స్ లెక్కలో కావు.

అయితే అన్నీ ఆడతాయని అబద్ధం చెప్పలేను. వేరే గ్రాఫిక్స్ కార్డు లేని నాలుగో తరం ఇంటెల్ కంప్యూటర్లో ఇప్పటి డీఎక్స్‌వీకే పనిచేయదు, దానికి కావలసిన వల్కన్ 1.3 ఆ చిప్‌లో లేదు. అందులో పాత ఆటలు పాత పద్ధతిలో ఆడతాయి. ఆరో తరం నుంచి తలుపు తెరుచుకుంటుంది, అయినా భారీ ఆటలకు చిప్ బలం చాలదు. విండోస్ వేసినా చాలదు. కొత్త ఆట మొదటిసారి ఆడేటప్పుడు అక్కడక్కడా తడబడితే భయపడకండి. గుమాస్తా కొత్త మాటను మొదటిసారి తర్జుమా చేస్తున్నాడన్నమాట. ఒకసారి చేసింది దాచుకుంటాడు, రెండోసారి తడుముకోడు.

కానీ మూసిన తలుపులు ఇంకా ఉన్నాయి, వాటి గురించి చెప్పకుండా పోను. నలుగురు కలిసి ఇంటర్నెట్లో ఆడే ఆటల్లో మోసం చేసేవాళ్ళను పట్టుకోవడానికి కాపలా ప్రోగ్రాములు ఉంటాయి. వాటిలో కొన్ని ఆపరేటింగ్ సిస్టమ్ గర్భగుడిలోకి, అంటే కెర్నెల్‌లోకి వెళ్ళి కూర్చుంటాయి. వాలరెంట్ అనే ఆటకు ఉన్న వాన్‌గార్డ్ అలాంటిదే. అది 2024లో లీగ్ ఆఫ్ లెజెండ్స్‌కు కూడా రాగానే, అన్నాళ్ళూ వైన్‌లో ఆడుకుంటున్నవాళ్ళకు ఆ ఆట ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరు చివర్లో ఎపెక్స్ లెజెండ్స్ వాళ్ళు కూడా లినక్స్‌కు దారి మూసేశారు. లినక్స్ నుంచి మోసగాళ్ళు ఎక్కువ వస్తున్నారని వాళ్ళ వాదన. మోసం వల్ల ఆట పాడవుతుందనేది నిజమే. చిత్రమేమిటంటే, ఇలాంటి కాపలావాళ్ళలో పేరున్న ఈజీ యాంటీ చీట్, బాటిల్ ఐ 2021లోనే ప్రోటాన్‌తో పనిచేయడానికి సిద్ధమయ్యాయి. తలుపు తీయాలా వద్దా అనేది ఆట తయారుచేసినవాళ్ళ చేతిలో ఉంది.

ఈ విషయంలో నా మాట సూటిగా చెబుతాను. ఆట కోసం ఇంటి తాళంచెవి ఇవ్వను. కెర్నెల్‌లో కూర్చున్నది నా ఫైళ్ళన్నీ చూడగలదు, దానికి చిన్న జబ్బు చేసినా కంప్యూటరు మొత్తం పడిపోతుంది. 2024 జులై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేట్‌తో ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయి. మన హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ ప్రోగ్రాము ఆటలది కాదు, కానీ కూర్చున్న చోటు అదే.

మా అక్క కొడుకు పలమనేరులో ఇంటర్ చదువుతున్నాడు. వాడికి ఈ మాట రుచించలేదు. "నా ఫ్రెండ్స్ అందరూ వాలరెంట్ ఆడతా ఉండారు మామా, నేనొక్కడ్నే యాడికి పోవాల?" అన్నాడు. వాడి బాధ నిజం. పిల్లలకు ఆట అంటే స్నేహం. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కౌంటర్ స్ట్రైక్ 2 లినక్స్‌లో నేరుగా నడుస్తుంది, దాంట్లోకి వాళ్ళను పిలువు అన్నాను. ఇద్దరు వచ్చారు. మిగతావాళ్ళు రాలేదు.

స్టాల్‌మన్ 2012లోనే లినక్స్‌కు ఆటలు రావడం మీద రాశారు. మూలాలు చూపించని ఆటలు లినక్స్‌కు వచ్చినంత మాత్రాన స్వేచ్ఛ రాదని ఆయన అభిప్రాయం. ఆడక తప్పదనుకుంటే మాత్రం విండోస్‌లో కన్నా ఇక్కడ ఆడడం మేలని కూడా అన్నారు. నేను ఆయనంత గట్టివాణ్ణి కాను. కథ చెప్పే ఆటను సినిమా టికెట్టులాగా కొనుక్కుంటాను, దాన్ని రాసినవాళ్ళకు కూలి దక్కాలి. అయితే ఆ టికెట్టు ఇచ్చి లోపలికి వచ్చినవాడు నా బీరువా తెరవకూడదు. నా గీత అక్కడుంది.

పూర్తిగా స్వేచ్ఛగా ఉండే ఆటలు కూడా ఉన్నాయి. సూపర్ టక్స్ కార్ట్‌లో చిన్నపిల్లలు బండ్లు తోలుతారు. లువాంటిలో ఇటుక మీద ఇటుక పేర్చి ఊళ్ళు కడతారు, నిన్నమొన్నటిదాకా దాని పేరు మైన్‌టెస్ట్. కానీ మా ఇంట్లో పాతుకుపోయింది జీరో ఏడీ. 2001లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కు చేర్పుగా ఊహించి మొదలుపెట్టినది, సొంత ఆటగా పెరిగింది. 2009లో దాని మూలాలన్నీ బయటపెట్టారు. ప్రపంచం నలుమూలల వాళ్ళు తీరిక వేళల్లో కూర్చుని చేసిన ఆట. 2025 జనవరిలో వచ్చిన వెర్షన్‌కు అగ్ని అని పేరు పెట్టారు. అందులో రోమన్లు, గ్రీకులతో పాటు మౌర్యులు ఉంటారు. చంద్రగుప్తుడు, అశోకుడు, చాణక్యుడు వస్తారు. ఒక పని చేసే ఏనుగు ఉంటుంది. అడవి దగ్గర నిలబడుతుంది, కొట్టిన కట్టెలు కూలీలు దానికే అప్పజెబుతారు.

ఏనుగు అంటే మా వైపు వాళ్ళకు వేరే అర్థం. కౌండిన్య అభయారణ్యం పక్కనే ఉంది. రాత్రిపూట ఏనుగులు దిగితే చెరుకు తోట, అరటి తోట తెల్లారేసరికి ఉండవు. మనుషుల ప్రాణాలూ పోయాయి, ఏనుగుల ప్రాణాలూ పోయాయి. 2025 మే నెలలో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులు వచ్చాయి, పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం పెట్టారు. మాయమ్మ తెర మీద కట్టెలు మోసే ఏనుగును చూసి, "ఇది చేనులో పడదా?" అని అడిగింది.

ఈ ఆటలో అక్షరాలన్నీ విడిగా మామూలు ఫైళ్ళలో ఉంటాయి. పైన ఇంగ్లీషు మాట, కింద ఇంకో భాష రాసుకోవడానికి ఖాళీ. ఎవరి అనుమతీ అక్కర్లేదు. పోయిన నెల సెలవులకు వచ్చినప్పుడు మావాడికి ఆ ఫైలు తెరిచి చూపించాను. మొదట కాసేపు ఊరికే చూశాడు. తర్వాత కట్టెలు, రాయి, ఇనుము అని ఒక్కొక్కటే కొట్టడం మొదలుపెట్టాడు. రాత్రి పదిన్నరయినా లేవలేదు. పని చేసే ఏనుగు దగ్గరికొచ్చి ఆగాడు.

"దీన్నేమనాల మామా? కుంకీ అందామా?"

"కుంకీ అంటే అడవి ఏనుగును తరిమేది గదా" అన్నాను.

లోపలి నుంచి మాయమ్మ, "మాపటేల దాకా మోసేదాన్ని మోతేనుగు అనకపోతే ఇంకేమంటారురా" అనింది.

వాడు ఒక్క క్షణం ఆలోచించి, కీబోర్డు మీదికి వంగి, మకారానికి ఓత్వం ఏ మీటలో ఉందో వెతకసాగాడు.